చిక్కిపోవడం వేరు, పస్తుండటం వేరు

క్యాన్సర్ వచ్చిన మనిషి చిక్కిపోతుంటే 'సరిగ్గా తినడం లేదు, అందుకే' అంటాం. అందులో కొంత నిజముంది. మిగతా నిజం కాలేయంలో ఉంది, అది ముక్కలు ముక్కలుగా బయటపడింది.

ముందు తేలింది ఉపవాసం సంగతి. కొవ్వు ఆమ్లాల గొలుసు శరీరంలో రెండేసి కార్బన్ల చొప్పున తెగుతుందని 1904లో ఫ్రాంజ్ క్నూప్ కుక్కల మీద ప్రయోగాలతో చూపాడు. ఆ ముక్కలతో కాలేయం ఏం చేస్తుందో చెప్పింది 1967 నాటి పరిశోధన. ఐదారు వారాలు పస్తున్న ముగ్గురు స్థూలకాయుల మెదడులోకి వెళ్లే రక్తాన్నీ, బయటికొచ్చే రక్తాన్నీ జార్జ్ కాహిల్ బృందం పోల్చి చూసింది. మెదడు ఎక్కువగా కీటోన్ల మీదే నడుస్తోంది! కొవ్వు నుంచి వాటిని తయారుచేసి పంపేది కాలేయమే. కండను కరిగించి చేసే గ్లూకోజ్ మెదడుకు అంతగా అవసరం లేకపోవడంతో కండ కరగడం నెమ్మదిస్తుంది.

ట్యూమర్ ఉన్న ఒంట్లో ఈ పొదుపు సరిగ్గా సాగదు. ఎందుకన్నదానికి తొలి ఆధారాల్లో ఒకటి కుందేళ్ల దగ్గర దొరికింది, అదీ క్యాన్సర్‌తో సంబంధం లేకుండా. ట్రిపనోసోమా పరాన్నజీవి సోకిన కుందేళ్లు ఎముకలు తేలేలా చిక్కాయి, రక్తంలో మాత్రం ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పేరుకున్నాయి. కొవ్వు ఎదురుగా ఉన్నా కణజాలం అందుకోలేకపోతోందన్నమాట. దీనికి కారణమైన పదార్థానికి ఆంథొనీ సెరామీ బృందం క్యాకెక్టిన్ అని పేరు పెట్టింది. అది రోగనిరోధక కణాలు వదిలే వాపు (ఇన్‌ఫ్లమేషన్) సంకేతం ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరేనని 1985లో తేలింది. అంటే మనిషిని కరిగిస్తున్నది ఆకలి ఒక్కటే కాదు, వాపు సంకేతాలు కూడా.

ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడాన్ని 2011లో నిపుణులు క్యాకెక్సియాకు, అంటే జబ్బు వల్ల కండ కరిగి చిక్కిపోవడానికి, ఒక కొలతగా పెట్టుకున్నారు. మామూలుగా ఇచ్చే పోషకాహారంతో ఇది పూర్తిగా వెనక్కి రాదనీ అప్పుడే రాసుకున్నారు. తినిపిస్తున్నా తేరుకోవడం లేదని బాధపడే ఇంటివాళ్లకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు.

కాలేయం వంతు 2016లో వచ్చింది. ట్యూమర్ల వల్ల పెరిగిన మరో వాపు సంకేతం ఇంటర్‌ల్యూకిన్-6 ఎలుకల కాలేయంలో కీటోన్ల తయారీని అణచేస్తోందని కనిపించింది. వాటికి మేత తగ్గించగానే కీటోన్లు చాలక స్ట్రెస్ హార్మోన్ ఎగబాకింది, ట్యూమర్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి కుంగింది, ఆ శక్తిని పురికొల్పే చికిత్స ఇమ్యునోథెరపీ కూడా పనిచేయలేదు.