ట్రాఫిక్ టికెట్టుకు లాయరు: టెక్సస్‌లో మనవాళ్ల అపోహలు

డాలస్ చుట్టుపక్కల మునిసిపల్ కోర్టుల్లో లాయరుగా ట్రాఫిక్ టికెట్టు (పోలీసులు రాసే జరిమానా చీటీ) కేసులు చూడటం నా వృత్తి. కింద చెప్పేదంతా టెక్సస్‌కే వర్తిస్తుంది. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటితే రెక్‌లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా నడపడం) కేసు పెట్టవచ్చు, ఏడాది దాకా జైలుశిక్ష పడే వీలుంది. అక్కడున్న బావగారి సలహా ఇక్కడ పనికిరాదు.

అపోహ: డబ్బు కట్టేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇవే. ఆన్‌లైన్‌లో జరిమానా కట్టారంటే ఆరోపణను మీరు ఎదిరించలేదని లెక్క. చట్టం దృష్టిలో మీరు దోషిగా తేలినట్టే. అది డ్రైవింగ్ రికార్డుకెక్కుతుంది, బీమా కంపెనీ కంట్లో పడుతుంది. తప్పులకు పాయింట్లు వేసి, వాటిని బట్టి ఏటా సర్‌ఛార్జి (అదనపు రుసుము) వసూలు చేసే పద్ధతి 2019లో రద్దయిన మాట నిజమే. అయినా 12 నెలల్లో ఇలా దోషిగా తేలినవి నాలుగు, లేదా 24 నెలల్లో ఏడు పోగైతే లైసెన్సు సస్పెండ్ కావచ్చు.

అపోహ: లాయరు లేకపోతే ఏమీ చేయలేం.

వాస్తవం: మామూలు స్పీడింగ్ టికెట్టుకు నాకు ఫీజు ఇవ్వనక్కర్లేదు. టెక్సస్ లైసెన్సు, బీమా ఉండి, గత ఏడాదిలో ఈ సదుపాయం వాడుకోకుండా ఉంటే, టికెట్టు మీద ఉన్న గడువు తేదీలోగా డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు కావాలని కోర్టును మీరే కోరవచ్చు. ఆరు గంటల కోర్సు పూర్తిచేసి కాగితాలు ఇస్తే కేసు కొట్టేస్తారు. లేదంటే డిఫర్డ్ డిస్పొజిషన్ (తీర్పును వాయిదా వేయడం) అడగవచ్చు. జడ్జి 180 రోజులకు మించని గడువు పెడతారు. ఆ లోపు షరతులు పాటించి, మరో టికెట్టు తెచ్చుకోకుంటే కేసు పోతుంది. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం.

మరి లాయరు ఎప్పుడు కావాలి? వేగ పరిమితిని 25 మైళ్లు లేదా అంతకన్నా ఎక్కువ మించినా, గంటకు 95 మైళ్లు అందుకున్నా కోర్సు దారి మూసుకుపోతుంది. ఇండియా లైసెన్సుతో నడిపే విద్యార్థికి కూడా ఆ కోర్సు హక్కుగా రాదు. పనివాళ్లు ఉన్న రోడ్డు మరమ్మతు స్థలంలో దొరికితే కోర్సూ లేదు, డిఫర్డూ లేదు. ట్రక్కు నడిపే కమర్షియల్ లైసెన్సు ఉన్నవాళ్లకు సొంత కారులో పట్టుబడినా ఆ రెండూ ఉండవు. ఇలాంటప్పుడు నిర్దోషినని చెప్పి, పోలీసు కారు డాష్‌క్యామ్ వీడియో, వేగం కొలిచిన రాడార్ పరీక్షల రికార్డు, టికెట్టు మీద అధికారి రాసుకున్న వివరాలు తెప్పించుకుని ప్రాసిక్యూటరుతో బేరానికి కూర్చోవాలి. మా పనిలో సగం ఈ బేరమే. సినిమాల్లో చూసే వాదనలు బహు తక్కువ.

అపోహ: కారు రంగు తప్పు రాశారు, టికెట్టు చెల్లదు.

వాస్తవం: ఎంత ఉత్సాహంగా చెబుతారో! మీరు నిర్దోషినంటే కేసు నడిచేది కోర్టులో విడిగా దాఖలయ్యే ఫిర్యాదు మీద. అందులో లోపముంటే విచారణ రోజుకు ముందే అభ్యంతరం చెప్పాలి. ఆ రోజున బయటపెడదామని దాచుకున్న బాణం అక్కడ పనిచేయదు.

అపోహ: పోలీసు రాకపోతే కేసు కొట్టేస్తారు.

వాస్తవం: కొట్టేయవచ్చు. ప్రాసిక్యూటరు వాయిదా కూడా అడగవచ్చు. పైగా ఒకే అధికారి కేసులన్నీ ఒకే రోజుకు పెట్టే కోర్టులున్నాయి. ఆయన వస్తారనుకునే సిద్ధం కండి.

అపోహ: సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టే.

వాస్తవం: కోర్టుకు హాజరవుతానన్న మాట మాత్రమే అది. ఆ తేదీ మరిస్తేనే ఇంకో కేసు, వారంటు.

అపోహ: టికెట్టుతో వీసా పోతుంది.

వాస్తవం: మామూలు స్పీడింగ్‌తో పోదు. మద్యం తాగి నడిపిన కేసు వేరు. అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. అప్పుడు నాతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరునూ పెట్టుకోండి.

అపోహ: కేసు కొట్టేయిస్తానని హామీ ఇచ్చిన లాయరే మంచివాడు.

వాస్తవం: ఫలితానికి హామీ ఇచ్చేవాణ్ని నమ్మకండి. డబ్బు ఇచ్చే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: ఫీజులో విచారణ కూడా కలిసి ఉందా, కోర్టు ఖర్చులూ జరిమానా విడిగా కట్టాలా, కోర్టుకు వచ్చేది ఆయనేనా లేక మరొకరా.