ఈ వయసులో ఇంకేం మార్చుకుంటాం? ఆయుష్షు గురించి అపోహలు - వాస్తవాలు

నేను జనరల్ ఫిజీషియన్‌ని. నా ఓపీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. అలవాట్ల మాట ఎత్తగానే వాళ్ళూ, వెంట వచ్చిన పిల్లలూ అనే మాట ఒకటుంది: "ఈ వయసులో ఇంకేం మార్చుకుంటాం డాక్టరుగారూ!" వినగానే నాకు బాధ కలుగుతుంది. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం ఆ మాటే.

అపోహ: "మా నాన్న చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్ళు బతికాడు. ఆయుష్షు వంశాన్ని బట్టి వస్తుంది."

వాస్తవం: వంశం వాటా ఉంది, కాదనను. 1870-1900 మధ్య పుట్టిన డెన్మార్క్ కవలల మీద 1996లో వచ్చిన అధ్యయనం ఆ వాటాను సుమారు పాతిక శాతంగా లెక్కగట్టింది. తర్వాతి అంచనాలు వేరుగా ఉన్నా, మన చేతిలో ఉన్న భాగం చిన్నదేమీ కాదు. మీ నాన్నగారితో పాటు అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చి, యాభై ఐదుకే పోయినవాళ్ళ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పుకోరు. బ్రిటన్‌లో 1951 నుంచి యాభై ఏళ్ళపాటు డాక్టర్లనే గమనిస్తూ వచ్చారు. సిగరెట్ మానని డాక్టర్లు, అసలు తాగనివాళ్ళ కంటే సగటున పదేళ్ళు ముందుగా చనిపోయారు. యాభైలో మానినవాళ్ళు అందులో ఆరేళ్ళు, అరవైలో మానినవాళ్ళు మూడేళ్ళు దక్కించుకున్నారు. మూడేళ్ళంటే మనవరాలి పెళ్ళి చూసే తేడా.

శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే నోరు తెరిపించి అంగిలి చూడండి. తెల్లటి మచ్చలు గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంగిలి క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకోవాలి.

అపోహ: "పెద్దవయసులో ఒంటికి పని చెప్పకూడదు, విశ్రాంతిగా ఉండాలి."

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. ప్రేమతోనే కోడలు మంచినీళ్ళు మంచం దగ్గరికి తెచ్చి ఇస్తుంది, కొడుకు మెట్లెక్కొద్దంటాడు. కూర్చున్నకొద్దీ తొడ కండరాలు కరిగిపోతాయి. లేవడానికి చేతుల ఆసరా కావలసి వస్తుంది. తర్వాత ఒకరోజు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరుగుతుంది. అక్కడినుంచి చాలామంది మునుపటిలా నడవలేరు. కండ పోయిన మనిషికి న్యుమోనియా వచ్చినా, ఆపరేషన్ జరిగినా కోలుకోవడం కష్టమే.

మరి పోయిన బలం తిరిగి వస్తుందా? వస్తుంది. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉండే పదిమంది చేత, సగటు వయసు తొంభై ఉన్నవాళ్ళ చేత, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పూర్తిగా చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లకు పైగా పెరిగిందని 1990లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కూడా పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం, మూడు రోజులు బ్యాలెన్స్ వ్యాయామం ఉన్నాయి.

జిమ్ అక్కర్లేదు. గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని మెల్లగా లేచి, మెల్లగా కూర్చోండి. మొదట అయిదుసార్లు, అలవాటయ్యాక పది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. మోకాళ్ళు నొప్పి కదా అంటారు. తొడ కండరం బలపడితే ఆ నొప్పి సాధారణంగా తగ్గుతుంది. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆపెయ్యాలి.

అపోహ: "రోజుకు పదివేల అడుగులు నడవకపోతే దండగ."

వాస్తవం: ఆ అంకె 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి ప్రచారంలోకి తెచ్చినది. అమెరికాలో సగటు వయసు డెబ్బై రెండు ఉన్న మహిళల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల్లో తేడా కనిపించింది, 7,500 తర్వాత అదనపు లాభం కనిపించలేదు.

అపోహ: "పెద్దవాళ్ళకు ఇడ్లీ, పెరుగన్నం చాలు. పప్పు, గుడ్డు అరగవు."

వాస్తవం: పిండిపదార్థంతోనే కడుపు నిండితే కండ నిలవదు. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు గ్రాము ప్రోటీన్ అయినా కావాలి. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి ఒక పూటతో సరిపెట్టకుండా పప్పు, పెరుగు, గుడ్డు, చేప, సెనగలు మూడు పూటలా పంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా పెంచకండి.

అపోహ: "సైంధవ లవణం వాడితే బీపీ పెరగదు."

వాస్తవం: అందులోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఏ ఉప్పైనా రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, మజ్జిగలో చిటికెడు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

అపోహ: "వయసుకు వంద కలిపితే ఎంతో అంత బీపీ మామూలే. ఎనభై దాటాక మాత్రలెందుకు?"

వాస్తవం: ఆ కూడిక ఎప్పుడో చెల్లిపోయింది. ఎనభై, ఆపైబడిన 3,845 మందితో చేసిన హైవెట్ ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. పై బీపీ 160కి తగ్గని ఆ పెద్దవాళ్ళలో మాత్రలు వేసుకున్నవారి మరణాలు 21 శాతం తగ్గాయి, గుండె వైఫల్యం అంతకంటే బాగా తగ్గింది. అయితే ఈ వయసులో బీపీ మరీ దించేసినా పడిపోతారు. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి, రెండు అంకెలూ రాసుకుని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. డోసు మార్చే పని ఆయనది. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.