ఎండ మీద నింద: మన వాకిలి పేవర్ల గురించి అపోహలు, వాస్తవాలు

మే నెల వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి. "ఎండకి టైల్స్ లేచిపోయాయండీ, ఓసారి వచ్చి చూడండి." వాళ్ళు టైల్స్ అనేవి పేవర్లు, అంటే వాకిలిలో పరిచే కాంక్రీటు బ్లాకులు. వెళ్ళి చూస్తే లేచిన బ్లాకు ఒక్కటీ ఉండదు. కారు చక్రాలు నడిచే రెండు జాడలూ కుంగి ఉంటాయి. మధ్యలోవి ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి అవి లేచినట్టు కనిపిస్తాయి. గునపం అడిగి నాలుగు బ్లాకులు పీకుతాను. కింద జానెడు లోతున క్రషర్ డస్టు (రాతిపొడి), దాని కింద నల్లమట్టి. గ్రావెల్ లేదు, మెటల్ (కంకర) లేదు. రోజూ కారు కడిగిన నీళ్ళు దిగి దిగి ఆ డస్టు పిండిలా తయారై ఉంటుంది. చేతిలోకి తీసుకుని పిసికితే వేళ్ళకి అంటుకుపోతుంది. ఇంటాయన మాత్రం ఇంకా ఎండనే తిడుతూ ఉంటాడు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల పేవర్ల పని చేస్తుంటాను. కొత్తగా వాకిలి వేయించుకునేవాళ్ళు అడిగేవాటిలో మళ్ళీ మళ్ళీ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగం మట్టి గురించే ఉంటుంది. డిజైన్ల కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

"రోహిణీ కార్తెలో రోళ్ళే పగులుతాయి, పేవర్లు ఓ లెక్కా?"

లెక్కే. పది మీటర్ల పొడవున్న కాంక్రీటు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మి.మీ. సాగుతుంది. ఏకంగా పోసిన సిమెంటు గచ్చుకి ఆ సాగడానికి చోటుండదు, అందుకే ఎక్కడో ఒకచోట విచ్చుతుంది. పేవర్ల దగ్గర ఆ ఇబ్బంది లేదు. అదే పది మీటర్లలో పదుల కొద్దీ జాయింట్లుంటాయి. ఒక్కో జాయింటూ 2 నుంచి 4 మి.మీ., లోపల ఇసుక. సాగినదంతా అందులోనే సర్దుకుంటుంది. ఎండలకి పేవర్లు ఎంచుకోవడానికి అసలు కారణమే ఇది.

మరి కుంగేది ఎందుకు? మన గోదావరి డెల్టాలో చాలాచోట్ల కింద ఉన్నది ఒండ్రుతో కూడిన బంకమట్టి, రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పొలంలోకి వెళ్ళి చూడండి, నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలాక, వానలు కూడా తోడయ్యాక, అదే మట్టి మళ్ళీ ఉబ్బి మూసుకుపోతుంది. మీ వాకిలి కింద ఉన్నదీ ఆ మట్టే. ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలినట్టు కదులుతుంది. దాని మీద సరాసరి డస్టు పోసి బ్లాకులు పరిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

దీనికి తోడు మెరక. మన దగ్గర పల్లపు స్థలం కొని చెరువు మట్టి తోలించి మెరక చేయడం మామూలే. చేసిన మూడు నెలలకే గృహప్రవేశం, ఆ వారమే పేవర్లు. ఆ మట్టికి కనీసం ఒక వానాకాలం నానే టైమ్ ఇవ్వండి. ముహూర్తం ఆగదంటే, ముందు గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి ఒక సంవత్సరం దాని మీదే కారు నడపండి. చూడటానికి బాగోదు, నిజమే. మా ఇంటి ముందు రెండేళ్ళు అలాగే ఉంది.

నేను చేసే పద్ధతి ఇది: అడుగు నుంచి అడుగున్నర దాకా తవ్వి మెత్తటి మట్టి తీసేస్తాం. అడుగున జియో టెక్స్‌టైల్ గుడ్డ పరుస్తాం. అది మట్టిని పైకి రానివ్వదు, మెటల్‌ని కిందికి దిగనివ్వదు, నీళ్ళని మాత్రం పోనిస్తుంది. కొంతమంది దాని బదులు ప్లాస్టిక్ పట్టా వేస్తారు, అప్పుడు నీళ్ళు దాని మీదే నిలుస్తాయి. గుడ్డ మీద గ్రావెల్, దాని మీద దుమ్ము నుంచి 20 మి.మీ. దాకా అన్ని సైజులూ కలిసిన వెట్ మిక్స్ మెటల్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. నాలుగేసి అంగుళాల పొరలుగా పోసి, నీళ్ళు చల్లి, ఒక్కో పొరనీ వైబ్రేటర్‌తో కొట్టాలి. ఆ పైన గోదావరి ముతక ఇసుక 30 మి.మీ. ఎక్కడ కొలిచినా అదే మందం ఉండాలి. కింద పల్లం ఉంటే మెటల్‌తో సరిచేయాలి తప్ప అక్కడ ఇసుక నాలుగు అంగుళాలు పోసి పైన రసమట్టం పెట్టి "లెవెల్ వచ్చేసింది సార్" అనకూడదు. సముద్రపు ఇసుక మాట ఎత్తేవాళ్ళని గేటు దగ్గరే ఆపేయండి, అందులో ఉప్పు ఉంటుంది.

ఎండ నిజంగా చెడగొట్టే చోటు ఒకటుంది. అది మీ వాకిలి కాదు, బ్లాకులు తయారయ్యే యార్డు. అచ్చులోంచి తీసిన బ్లాకుని నీడలో పెట్టి, తడుపుతూ క్యూరింగ్ చేయాలి. ఏప్రిల్ ఎండలో ఆరుబయట పేర్చి వదిలేస్తే లోపలి నీళ్ళు ఆవిరైపోతాయి, సిమెంటు గట్టిపడే పని సగంలోనే ఆగిపోతుంది. అలాంటి బ్లాకు పైకి బాగానే ఉంటుంది. మూలని స్కూటర్ తాళంతో గట్టిగా గీయండి. పొడి రాలితే ఆ లోడు వెనక్కి పంపేయండి. సిమెంటు పూర్తి బలం లెక్క 28 రోజులు. వారం క్రితం పోసినవి ట్రాక్టర్ ఎక్కిస్తుంటారు, కాబట్టి తయారైన తేదీ అడగడంలో మొహమాటం వద్దు.

"మందం ఎక్కువ తీసుకుంటే చాలు"

సగం నిజం. పేవర్లకి 2006లో వచ్చిన భారతీయ స్టాండర్డ్ ఐ.ఎస్. 15658 పట్టికలో 50 మి.మీ. నడకదారులకి, 60 మి.మీ. ఎం-35 (ఎం అంటే కాంక్రీటు బలం గ్రేడు) తేలికపాటి వాహనాలకి, 80 మి.మీ. ఎం-40 మధ్యస్థంగా తిరిగేచోట్లకి. ఇంటి కారుకి 60 సరిపోతుంది. అయితే మన లోగిళ్ళలోకి వచ్చేది కారొక్కటే కాదు కదా. కొబ్బరికాయల లోడు ట్రాక్టర్, ధాన్యం బస్తాలు, పక్క స్థలంలో ఇల్లు మొదలుపెడితే ఇసుక లారీ. అవి తిరిగే ఇల్లయితే 80 వేయించండి. కింద బేస్ లేకపోతే మాత్రం 80 కూడా కుంగుతుంది, కాకపోతే ఎక్కువ ఖర్చుతో కుంగుతుంది.

బ్లాకు నాణ్యత చూడటానికి ఇంట్లో వంటింటి కాటా చాలు. 200 × 100 × 60 ఇటుక షేప్ బ్లాకు సుమారు 2.7 కిలోలు తూగాలి. రెండున్నర కూడా రాలేదంటే లోపల బోలు ఉన్నట్టు. రెండు రోజులు ఎండబెట్టి తూచి, రాత్రంతా బకెట్లో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. ఆ స్టాండర్డ్ ప్రకారం పీల్చే నీరు బరువులో సగటున 6 శాతం దాటకూడదు. అంటే ఈ బ్లాకుకి 160 గ్రాములు. ల్యాబ్‌లో ఓవెన్‌లో ఆరబెట్టి చేసే పరీక్ష ఇది, ఇంట్లో చేసేది ఉజ్జాయింపే. అయినా 300 గ్రాములు తాగిన బ్లాకు గురించి ల్యాబ్‌ని అడగక్కర్లేదు.

"కింద సిమెంటు మాలు వేసి అతికిస్తే కదలవు"

తాపీ మేస్త్రులకి ఇష్టమైన మాట. మాలు వేసి, జాయింట్లలో కూడా సిమెంటు పాలు పోస్తే అది మళ్ళీ గచ్చే. సాగడానికి చోటు పోయింది, కింద మట్టి కదిలితే సర్దుకునే గుణమూ పోయింది. పగిలితే మొత్తం సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. ఇసుక మీద వేసినదైతే కుంగినచోట నాలుగు వరసలు తీసి, బేస్ సరిచేసి, అవే బ్లాకులు తిరిగి పెట్టేయొచ్చు. 2022 జులై వరదల్లో లంక గ్రామాల్లో నీళ్ళు నిలిచిన వాకిళ్ళకి ఇలాగే చేశాం. బ్లాకులు తీసి, బురద కడిగి, కొత్త ఇసుక పోసి మళ్ళీ పరిచాం.

కదలకుండా ఉంచేది అంచు. నాలుగు వైపులా కాంక్రీటులో పాతిన కర్బు రాళ్ళుండాలి. అంచు లేకపోతే బ్లాకులు రోజుకింత పక్కకి జరుగుతాయి. మధ్యలో వేలు పట్టేంత సందు వస్తే, అంచు ఎక్కడ వదిలిందో చూడండి.

"ముదురు రంగైతే మరకలు కనబడవు"

మరకల సంగతి సరే, పాదాల మాటేమిటి? మనం చెప్పులు గేటు దగ్గర కాదు, అరుగు దగ్గర విప్పుతాం. పిల్లలైతే అదీ లేదు. రంగు ఖాయం చేసే ముందు షాపు నుంచి రెండు శాంపిళ్ళు తెచ్చుకోండి, ఒకటి నలుపు, ఒకటి చందనం రంగు. పొద్దున్నే డాబా మీద పెట్టి మధ్యాహ్నం రెండింటికి ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టండి. నలుపు మీద మూడు లెక్కపెట్టేలోపు కాలు తీసేస్తారు. ఈ పరీక్ష అయ్యాక క్యాటలాగ్ మూసేసినవాళ్ళే ఎక్కువ.

అలాగని తెల్లగా మెరిసేది కూడా నేను వేయించను. ఎండలో కళ్ళు చెదురుతాయి, టైరు జాడ ప్రతిదీ కనిపిస్తుంది, కొబ్బరి పీచు నానిన నీళ్ళు పడితే గోధుమరంగు మరక దిగుతుంది. లేత బూడిద, చందనం, లేత ఇటుక రంగులు మన ఎండకి సరిపోతాయి. ముదురు రంగు మీద మనసుంటే అంచు వరసకి వేసుకోండి. పగలంతా తాగిన వేడిని బ్లాకులు రాత్రికి వదులుతాయి కాబట్టి, పడకగది కిటికీ కింద పడమటి ఎండ పడే చోట ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మన ఉక్కపోతకి ఆ సెగ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా చవకైన చల్లదనం చెట్టు నీడ. కడియం నర్సరీలు పక్కనే పెట్టుకుని సీలర్ కోటింగుల మీద డబ్బులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

రంగు నిలవాలంటే ఐరన్ ఆక్సైడ్ పిగ్మెంట్ వాడారో లేదో అడగండి. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు దానితో ఎండకి బాగా ఆగుతాయి. కార్బన్‌తో చేసిన నలుపు తొందరగా వెలుస్తుంది. ఒక బ్లాకు పగలగొట్టి చూస్తే రంగు పొర కనీసం 6 మి.మీ. ఉండాలి. రబ్బరు అచ్చుల్లో పోసిన, అద్దంలా మెరిసే బ్లాకులు పోర్టికో కింద పర్వాలేదు, వాన పడే వాలు మీద వద్దు. శ్రావణంలో పాచి పట్టాక వాటి మీద నడవడం సర్కస్సే.

"రాయి ఎప్పుడూ రాయే, గ్రానైట్ వేసేద్దాం"

పాలిష్ గ్రానైట్ తడిస్తే జారుతుంది. వేయాలంటే మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ తీసుకోండి. తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. నడకకి హాయిగా ఉంటాయి, కానీ కింద బోలు ఉంటే కారు చక్రానికి పటుక్కున విరుగుతాయి, యాసిడ్ పోసి కడిగితే పైపొర తినేస్తుంది. కడప నల్లబండ గురించి పైన నలుపు దగ్గర చెప్పిందే.

"తెల్లగా ఉప్పు పూసింది, సరుకు నకిలీ"

తొందరపడకండి. సిమెంటులోని సున్నం నీటితో పైకి వచ్చి గాలికి తెల్లగా గడ్డకట్టడం కొత్త బ్లాకులకి మామూలే. బలానికి నష్టం లేదు, వాడకంలో మెల్లగా పోతుంది. అయితే మన దగ్గర రెండో రకం తెలుపు కూడా ఉంది. రొయ్యల చెరువుల పక్కన, సముద్రానికి దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో క్యూరింగ్ చేసినా, రోజూ కడిగినా నిజంగానే ఉప్పు పూస్తుంది. మంచినీళ్ళు పోసి చూడండి. కరిగిపోయి, ఆరాక మళ్ళీ వస్తే అది ఉప్పు, కరగకపోతే సున్నం. ఉప్పయితే నీళ్ళు మార్చాలి, లేదంటే కొన్నాళ్ళకి బ్లాకు పైపొర పొరలుగా రాలుతుంది.

"జాయింట్లలోంచి నీళ్ళు ఇంకిపోతాయి, వాలు అక్కర్లేదు"

ఎర్రమట్టి మెట్టలో అయితే కొంతవరకు ఒప్పుకుంటాను. ఇక్కడ వానాకాలంలో తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీరు, మధ్యలో బంకమట్టి. ఇంకేదెక్కడికి? పది అడుగులకి రెండున్నర అంగుళాల వాలు పెట్టండి. వాలు రోడ్డు వైపే ఉండాలని లేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, అప్పుడు ఆ నీళ్ళు మీ గేటు లోపలే ఆగుతాయి. పక్కన కొబ్బరి పాదుల వైపు తిప్పితే మంచిది. గడ్డి మొలిచే గ్రాస్ పేవర్లు చల్లగానే ఉంటాయి, కానీ గడ్డి కోయకపోతే పాముల భయం. ఇంట్లో ఆడవాళ్ళని అడిగాకే వేయించండి.

"డిజైన్ అందానికే"

కారు బ్రేకు వేసేచోట, తిరిగేచోట చేపముల్లులా అల్లుకునే హెరింగ్‌బోన్ పెట్టాలి. చక్రం తోపుని అది నాలుగు వైపులకీ పంచుతుంది. ఇటుక వరసే నచ్చితే ఆ వరసలు కారు వెళ్ళే దిశకి అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే జరుగుతాయి. తాటాకు చాప అల్లిక లాంటిది నడక దారికి చాలు.

డిజైన్ అనేసరికి గుర్తొచ్చింది. ఒక ఇంట్లో హైదరాబాద్‌లో ఉండే అబ్బాయి ఫోన్లోనే అంతా ఎంచాడు, గేటు నుంచి అరుగు దాకా గరుకు జిగ్‌జాగ్. సగం పని అయ్యాక వాళ్ళమ్మగారు వచ్చి నిలబడ్డారు. "ఏవయ్యా, ముగ్గెక్కడ పెట్టను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సందుల్లో చుక్క నిలవదు, రోజూ కళ్ళాపి చల్లితే జాయింటులోని ఇసుక కొట్టుకుపోతుంది. గేటు దగ్గర నాలుగు వరసలు పీకించి, అక్కడ కాంక్రీటు బెడ్ మీద గేటు వెడల్పున, లోపలికి నాలుగడుగుల మేర సన్నగరుకు గ్రానైట్ పలక వేశాం. అప్పటి నుంచి కొలతలు తీసుకునే రోజే, టేపు విప్పే ముందు, ముగ్గు ఎక్కడ పెడతారని అడుగుతున్నాను.