రెండో ఏడాదికి ముందు కీగన్ ముర్రే

2021 నవంబరులో సీజన్ మొదలయ్యేనాటికి అమెరికాలోని అయోవా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు పెద్ద దిక్కు లేకుండా పోయింది. మ్యాచ్‌కు 24 పాయింట్లు చేసిన సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే ఆటగాడు) ల్యూకా గార్జా కాలేజీ కెరీర్ ముగించుకుని వెళ్లిపోయాడు. ఆ యూనివర్సిటీ పురుషుల జట్టు తరఫున అత్యధిక పాయింట్ల రికార్డు అతనిదే. మరో ముఖ్య ఆటగాడు జో వీస్‌క్యాంప్ కూడా కాలేజీలో ఇంకా ఆడే అవకాశం ఉండి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ వైపే మొగ్గాడు. దాంతో అందరి చూపూ ఒక సాఫమోర్, అంటే కాలేజీలో రెండో ఏడాది కుర్రాడి మీద పడింది. పేరు కీగన్ ముర్రే. 6 అడుగుల 8 అంగుళాల ఫార్వర్డ్. మొదటి ఏడాది సగటు 7.2 పాయింట్లు మాత్రమే.

ఇతని నాన్న కెన్యన్ ముర్రే 1990లలో అదే అయోవాకు ఆడాడు. అయినా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే పరిస్థితి లేదు. కవలలు కీగన్, క్రిస్ అదే రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్‌లో హైస్కూల్ ముగించేసరికి వాళ్ల కోసం పెద్ద కాలేజీలేవీ ఎగబడలేదు. కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పైదైన డివిజన్ 1 స్థాయిలో స్కాలర్‌షిప్ ఇస్తామన్నది వెస్టర్న్ ఇల్లినాయ్ ఒక్కటే. ఇద్దరూ దాన్ని వద్దనుకుని, ఫ్లోరిడాలోని డీఎంఈ అకాడమీలో ఒక ఏడాది ఎక్కువ ఆడారు. కోచ్ ఫ్రాన్ మెకాఫ్రీ నుంచి అయోవా పిలుపు వచ్చింది అక్కడ చేరాకే.

ఆ అదనపు ఏడాది లెక్కను చాలామంది పట్టించుకోరు. కీగన్ పుట్టింది 2000 ఆగస్టులో. రెండో ఏడాది మొదలయ్యేసరికే అతనికి 21 నిండాయి. 19 ఏళ్లకే ఎన్‌బీఏలో అడుగుపెట్టే కుర్రాళ్ల పక్కన నిలబెడితే ఇతను పెద్దవాడే. ఆ సీజన్‌లో అతను చెలరేగాక ‘ఒక్కసారిగా ఎదిగిపోయాడు’ అన్నవాళ్లు ఈ వయసు సంగతి కూడా చెబితే బాగుండేది.

మొదటి ఏడాది అతని ఆటను దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 40 నిమిషాల ఆటలో దక్కింది సుమారు 18 నిమిషాలు. బంతి ముందు గార్జాకు వెళ్లాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. కీగన్ కోసం ప్రత్యేకంగా వేసిన ఎత్తుగడలు తక్కువే. గార్జా చుట్టూ ఇద్దరు ముగ్గురు మూగితే ఖాళీ అయిన చోటికి దూరడం, తప్పిపోయిన షాట్‌ను రీబౌండ్ చేసి మళ్లీ బాస్కెట్‌లో వేయడం, బంతి చేతులు మారగానే అందరికంటే ముందు పరిగెత్తడం, ఇలా వచ్చినవే చాలా పాయింట్లు. బంతి అడగకుండానే మ్యాచ్‌కు 5 రీబౌండ్లు తీశాడు. అయోవా ఆడే కాలేజీల లీగ్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఎంపిక చేసే ఆల్ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది మేటి ఆటగాళ్ల) జట్టులో చోటు దక్కడానికి కారణం ఇదే.

కొత్త సీజన్‌కు ముందు మిగిలిన పెద్ద టెన్షన్ దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. మొదటి ఏడాది అందులో సక్సెస్ 30 శాతం కూడా లేదు. జట్టు భారమంతా మోయాల్సిన ఫార్వర్డ్‌కు అది చాలదు, డిఫెండర్లు వెనక్కి జరిగి దారి మూసేస్తారు.

ఆ రెండో ఏడాది ఏం జరిగిందో చూడండి. సగటు 23.5 పాయింట్లు, 8.7 రీబౌండ్లు, మూడు పాయింట్ల షాట్లలో దాదాపు 40 శాతం. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది మాత్రం బంతి అంతసేపు చేతిలో ఉండి కూడా మ్యాచ్‌కు ఒకటికి కాస్త ఎక్కువగా మాత్రమే బంతిని పోగొట్టుకోవడం. 2022 మార్చిలో అయోవా బిగ్ టెన్ టోర్నీ గెలిచింది. సెమీఫైనల్లో ఇండియానాపై అతను ఒక్కడే 32 పాయింట్లు చేశాడు. ఆ ఊపు దేశంలోని మేటి కాలేజీలు తలపడే ఎన్‌సీఏఏ టోర్నీలో నిలవలేదు, తొలి రౌండ్‌లోనే రిచ్‌మండ్ చేతిలో 67-63తో ఇంటిదారి పట్టారు. ఆ జూన్‌లో ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో తీసుకుంది.

చోటు దొరికితేనే ఆట బయటపడుతుందనడానికి కవల సోదరుడి కథ కూడా సాక్ష్యమే. మొదటి ఏడాది క్రిస్ దాదాపు బెంచ్‌కే పరిమితం. రెండో ఏడాది కీగన్ పక్కన ఆడుతూ 9.7 పాయింట్లు చేశాడు. కీగన్ వెళ్లిపోయి చోటు ఖాళీ కాగానే, మూడో ఏడాది అతని సగటు 20 దాటింది. 2023 డ్రాఫ్ట్‌లో పోర్ట్‌ల్యాండ్ జట్టు అతన్ని 23వ స్థానంలో ఎంచుకుంది.