సంఘంలో పదవి వచ్చింది సరే, పనేమిటి? స్థానిక శాఖల పదవులపై అపోహలు - వాస్తవాలు

డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, ఫార్మసిస్టులు, టాక్స్ ప్రాక్టీషనర్లు... తిరుపతి, చిత్తూరుల్లో దాదాపు ప్రతి వృత్తికీ ఒక సంఘం, దానికొక స్థానిక శాఖ ఉన్నాయి. ఆడిటర్‌గా అలాంటి కొన్ని శాఖల లెక్కలు చూస్తుంటాను. నేనూ ఒక సంఘంలో ట్రెజరర్‌గా పని చేశాను. నాకు తెలిసినంతలో ఈ సంఘాల్లో డబ్బు తినేసే కేసులు అరుదు. ఎవరి పని ఎవరిదో తెలియక, నువ్వు చూస్తావనుకున్నానంటే నువ్వు చూస్తావనుకున్నానని వదిలేసి, చివరికి చేతిలో కాగితం లేక పుట్టే గొడవలే ఎక్కువ. కొత్త కార్యవర్గం వచ్చిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ప్రెసిడెంట్ చెప్పిందే ఫైనల్

ప్రెసిడెంట్‌కు గౌరవం ఎక్కువ, సొంత అధికారం తక్కువ. నిర్ణయం కార్యవర్గానిది, దాని మీద జనరల్ బాడీది, అంటే సభ్యులందరి సభది. మీటింగ్ నడపడం, అందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వడం, చర్చ ఎటో వెళ్లిపోతుంటే దారికి తేవడం, తీర్మానాన్ని ఓటుకు పెట్టడం, బయట శాఖ తరఫున మాట్లాడటం, ఇవీ ప్రెసిడెంట్ పనులు. ఓట్లు సమానమైతే రెండో ఓటు తనదే అనుకుంటారు చాలామంది. బైలాస్‌లో, అంటే సంఘం సొంత నిబంధనల్లో, రాసి ఉంటేనే ఆ ఓటు ఉంటుంది.

అసలు ఇబ్బంది మైకుతో వస్తుంది. ఇన్‌స్టలేషన్ (ప్రమాణ స్వీకారం) నాడు డయాస్ మీద ఊపులో "మన శాఖ తరఫున పేద విద్యార్థులకు యాభై వేలు ప్రకటిస్తున్నాను" అనేస్తారు. చప్పట్లు మోగుతాయి, మర్నాడు పేపర్లో కూడా వస్తుంది. కింద మొదటి వరుసలో కూర్చున్న ట్రెజరర్ మొహం మాడిపోతుంది, ఎందుకంటే దానికి తీర్మానం లేదు, బడ్జెట్ లేదు. ప్రకటించినంత మాత్రాన అది శాఖ ఖర్చు అయిపోదు. తర్వాతి మీటింగ్‌లో కార్యవర్గం ఆమోదించాలి, లేదా ప్రకటించినాయన సొంత జేబులోంచి ఇచ్చుకోవాలి. నిజంగా అత్యవసరమైతే ప్రెసిడెంట్ ఇంతవరకు ఖర్చు పెట్టవచ్చని చాలా బైలాస్‌లో ఒక పరిమితి ఉంటుంది. పదవి తీసుకున్న రోజే ఆ అంకె ఎంతో చూసి పెట్టుకోవాలి.

అపోహ: తిరుపతి సెక్రటరీ అంటే దర్శనాల సెక్రటరీ

ఇది మా ఊరికే ప్రత్యేకం. రాష్ట్ర శాఖ ఆఫీస్ బేరర్లు, సదస్సుకు వచ్చే వక్తలు, వాళ్ల బంధువులు, వాళ్ల బంధువుల స్నేహితులు... అందరూ ఫోన్ చేసేది సెక్రటరీకే. "ఏం లేదు సార్, మా అత్తగారూ వాళ్లూ నలుగురు వస్తున్నారు, బ్రేక్ దర్శనం చూడాలి." ఏ సంఘం బైలాస్‌లోనూ ఈ బాధ్యత లేదు, ఏ సెక్రటరీకీ కోటా లేదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ ముందుగానే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చి బ్రేక్ దర్శనానికి వెళ్లే వీలుంది. ఈ రెండు మాటలూ మర్యాదగా చెప్పి వదిలేయడం సెక్రటరీ ఆరోగ్యానికి మంచిది.

ఆ 10,000 శాఖ డబ్బుతో కట్టి "గెస్ట్ ఎక్స్‌పెన్సెస్" అని ఓచర్ రాసిన సంఘాలను చూశాను. విరాళం దర్శనానికి వెళ్లే వ్యక్తి పేరు మీద ఉంటుంది. అది శాఖ ఖర్చు ఎలా అవుతుందని జనరల్ బాడీలో ఒక్క మెంబరు లేచి అడిగితే జవాబు ఉండదు. అతిథి రైలు టికెట్, హోటల్ గది, భోజనం వేరు. వాటికి బిల్లులుంటాయి, వాటికీ కార్యక్రమానికీ సంబంధం ఉంటుంది.

ఆలయంతో సెక్రటరీకి నిజంగా ఉన్న పని క్యాలెండర్ చూడటం. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి దగ్గరల్లో సదస్సు తేదీ పెట్టారంటే గదులు దొరకవు, దొరికినా అద్దె చూసి కళ్లు తిరుగుతాయి, ఆ రోజుల్లో సిఫారసు లేఖలు సాధారణంగా చెల్లవు. తేదీ ఖరారు చేసే ముందే ఇది తేల్చుకుంటే సగం టెన్షన్ పోయినట్టే.

ఇక సెక్రటరీ అసలు పని: నోటీసు, ఎజెండా, మినిట్స్ (మీటింగ్‌లో తేలిన విషయాల రికార్డు), సభ్యుల రిజిస్టరు, పై శాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు. ఇందులో అందరూ చిన్నచూపు చూసేది మినిట్స్‌ని. ఎక్కువ పుస్తకాల్లో ఇలా ఉంటుంది: "వార్షిక సదస్సు గురించి కూలంకషంగా చర్చించడమైనది. సభ్యులు హర్షం వ్యక్తం చేశారు." హర్షంతో నేనేం చేసుకోను? ఎవరికి ఏ పని అప్పగించారో, ఎంతవరకు ఖర్చు పెట్టమన్నారో అందులో లేదు. ఇలా రాస్తే పనికొస్తుంది: "సదస్సు హాలు అద్దెకు 40,000 రూపాయలకు మించకుండా ఖర్చు చేయడానికి, అందుకు మూడు కొటేషన్లు తెప్పించే బాధ్యతను జాయింట్ సెక్రటరీకి అప్పగించడానికి తీర్మానించడమైనది." కింద ప్రతిపాదించినవారు, బలపరచినవారు, హాజరైనవారి సంతకాలు. రెండేళ్ల తర్వాత మనుషులందరూ మారిపోయాక కూడా ఈ పేరా సాక్ష్యం చెబుతుంది.

మీ శాఖ విడిగా సొసైటీగా రిజిస్టరైతే ఇంకో పని ఉంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కు, అంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో, దాఖలు చేయాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, తర్వాత ఆ ఆఫీసు గుమ్మం తొక్కని సంఘాలున్నాయి. రెండు వర్గాలై "మేమే అసలు కార్యవర్గం" అని పోట్లాడుకునే రోజున ఆ జాబితాల విలువ తెలుస్తుంది. ఆ పోట్లాట మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్తుంది, అక్కడ అడిగేదీ కాగితమే.

అపోహ: వాట్సాప్ గ్రూపులో అందరూ ఓకే అన్నారు, చాలదా?

చాలదు. బొటనవేలు బొమ్మలు కోరం (మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన హాజరు) కాదు. అభిప్రాయం తెలుసుకోవడానికి గ్రూపు బాగానే పనికొస్తుంది. డబ్బు, సభ్యత్వం, ఎన్నిక, ఈ మూడింటి మీద మాత్రం బైలాస్ చెప్పిన పద్ధతిలో నోటీసిచ్చి, మీటింగ్ పెట్టి, పుస్తకంలో రాయాల్సిందే. ఆన్‌లైన్ మీటింగ్ చెల్లుతుందా అన్నదీ బైలాస్‌లోనే చూసుకోవాలి.

అపోహ: ట్రెజరర్ డబ్బు జాగ్రత్తగా ఉంచితే చాలు, మిగతాది ఆడిటర్ చూసుకుంటాడు

ఆడిటర్ చూసేది మీరు ఇచ్చిన కాగితాలనే. మార్చి ముగిశాక ఒక పాలిథిన్ కవరులో బిల్లులు, హోటల్ బిల్లు వెనక పెన్సిల్‌తో వేసిన కూడికలు తెచ్చి "సార్, మీరే ఎలాగో సర్దేయండి" అంటే సర్దడం ఆడిట్ కాదు.

మొదట చెప్పాల్సింది క్యూఆర్ కోడ్ సంగతి. సదస్సు రిజిస్ట్రేషన్ డెస్క్ మీద అతికించిన కోడ్ స్కాన్ చేస్తే ట్రెజరర్ సొంత పేరు వస్తుంది. "శాఖ ఖాతాకు యూపీఐ తీయించలేదన్నా, తర్వాత ట్రాన్స్‌ఫర్ చేసేస్తా" అంటారు. మంచి మనిషే, నిజంగానే చేసేస్తాడు. కానీ నాలుగు రోజుల్లో వచ్చిన లక్షలు ఆయన జీతం, ఆయన ఇంటి ఖర్చులతో కలిసి ఒకే స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ఏ ఎంట్రీ ఏ సభ్యుడిదో విడదీయాలంటే వారం పడుతుంది. రేపు ఆ ఖాతా మీద ఆదాయపు పన్ను ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన ఒక్కడే. సంఘం పక్కన నిలబడదు.

రెండోది ముందే సంతకం పెట్టిన చెక్కులు. సెక్రటరీ మదనపల్లెలో, ట్రెజరర్ తిరుపతిలో ఉంటారు కాబట్టి పది చెక్కుల మీద సంతకాలు పెట్టించి పెట్టుకుంటారు. చెక్కుకు ఇద్దరి సంతకాలు అడిగేది రెండో మనిషి బిల్లు చూడాలని. ఖాళీ చెక్కు మీద పెట్టిన సంతకం ఏ బిల్లునూ చూడలేదు. ఇప్పుడు చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు చెల్లింపు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఉంది. ఎవరి ఊళ్లో వాళ్లుండి చేసుకోవచ్చు.

మూడోది పాన్. శాఖకు సొంత పాన్ ఉందా, మాతృ సంస్థ పాన్ వాడాలా అన్నది మీ సంఘం నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. అది తేల్చుకోకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఎవరో పాత ప్రెసిడెంట్ పాన్ మీద పెడితే ఆ వడ్డీ ఆయన ఆదాయంలో కనిపిస్తుంది. టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను) వర్తించేచోట పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోత. సదస్సులో స్టాల్ పెట్టి అద్దె ఇచ్చే కంపెనీ కూడా టీడీఎస్ పట్టుకునే ఇస్తుంది. పాన్ సరిగ్గా ఇవ్వకపోతే ఆ డబ్బు ఎవరి ఖాతాలోనో జమ అయి కూర్చుంటుంది. మీరు చెల్లించేటప్పుడూ అంతే: రిజిస్టరైన సొసైటీ కేటరర్‌కు ఒక్క బిల్లు 30,000 దాటి ఇచ్చినా, ఏడాది మొత్తం లక్ష దాటినా టీడీఎస్ పట్టాలి, వ్యక్తి అయితే 1 శాతం, సంస్థ అయితే 2 శాతం.

"మన సంఘం, మన సభ్యులు, మధ్యలో జీఎస్టీ ఏమిటి?" అని అడుగుతారు. 2021 ఫైనాన్స్ చట్టం ఆ వాదనకు తెర దించాలని చూసింది. సంఘం, సభ్యులు వేర్వేరు వ్యక్తులని, అదీ 2017 జులై 1 నుంచే వర్తిస్తుందని సవరించారు. ఆ సవరణ చెల్లదని 2025లో కేరళ హైకోర్టు అంది. చిన్న సభ్యత్వ రుసుములకు కొన్ని మినహాయింపులున్నాయి. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు కాబట్టి చిన్న శాఖ తనకు సంబంధం లేదనుకుంటుంది. ఒకే పాన్ మీద నడిచే శాఖలైతే దేశంలోని అన్నిటి టర్నోవరూ కలిపి చూస్తారు. మాతృ సంస్థ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి అడగడం ట్రెజరర్ మొదటి నెలలో చేయాల్సిన పని.

ప్రతి కార్యవర్గ సమావేశంలోనూ ఒక్క పేజీ చాలు: ప్రారంభ నిల్వ, వచ్చింది, పోయింది, మిగిలింది, పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్. అది బల్ల మీద ఉన్నచోట పుకార్లు పుట్టవు.

అపోహ: వైస్ ప్రెసిడెంట్ ఉత్సవ విగ్రహం

తిరుపతిలో ఉత్సవ విగ్రహానికి ఏడాది పొడవునా ఎంత పని ఉంటుందో తెలిసినవాళ్లు ఈ మాట అనకూడదు. ప్రెసిడెంట్ లేనప్పుడు మీటింగ్ నడపడమే కాక, సభ్యత్వమో వృత్తి శిక్షణ కార్యక్రమాలో ఏదో ఒకటి పూర్తిగా ఆయనకు అప్పగిస్తే మరుసటి ఏడు ప్రెసిడెంట్ అయ్యేనాటికి పని తెలిసి ఉంటుంది.

అపోహ: నేను ఉత్త ఈసీ (కార్యవర్గ) మెంబర్‌ని, సంతకాలు వాళ్లవి, నాకేం సంబంధం?

మీటింగ్‌కు వచ్చి, కాఫీ తాగి, రిజిస్టర్లో సంతకం పెట్టారంటే ఆ రోజు తీర్మానాల్లో మీకూ భాగం ఉంది. ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా "నేను ఒప్పుకోవడం లేదు, నా పేరుతో రాయండి" అనాలి. బయటకొచ్చి పార్కింగ్‌లో చెప్పే అభ్యంతరం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. మా వైపు పార్కింగ్‌లోనే అసలు మీటింగ్ జరుగుతుందన్నది వేరే విషయం.

అపోహ: సంఘం తలచుకుంటే లైసెన్సు రద్దు చేయించగలదు

డాక్టర్ల సంఘం మెడికల్ కౌన్సిల్ కాదు, బార్ అసోసియేషన్ బార్ కౌన్సిల్ కాదు. సంఘం తన సభ్యత్వం తీసేయగలదు, అదీ సంజాయిషీ అడిగి, నిబంధన ప్రకారం. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్టే నియంత్రణ సంస్థ, అయినా క్రమశిక్షణ విచారణ స్థానిక బ్రాంచ్ చేతిలో లేదు.

అపోహ: జిల్లా విడిపోయింది, కాబట్టి శాఖా విడిపోయినట్టే

2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట ఇటు వచ్చాయి. "ఉమ్మడి చిత్తూరు జిల్లా" పేరుతో ఉన్న సంఘాల్లో అప్పుడు మొదలైన చర్చ కొన్నిచోట్ల ఇంకా తెగలేదు. ప్రభుత్వం జిల్లా గీత మార్చితే సంఘం పరిధి దానంతటదే మారదు. శాఖ పరిధి ఎంతో మాతృ సంస్థ నిబంధనలు చెబుతాయి. విడిగా రిజిస్టరైన సొసైటీ అయితే జనరల్ బాడీ పిలిచి బైలాస్ సవరించుకుని రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చిత్తూరులో ఉన్న స్థలం, బ్యాంకులో ఉన్న డిపాజిట్ తిరుపతి సభ్యులకు వాటా వేసి పంచడానికి ఉమ్మడి కుటుంబ ఆస్తి కాదు. రిజిస్టరైన సొసైటీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి, ఆస్తి దానిదే. పంపకం మాట ఎత్తే ముందు లాయరును కలవడం మేలు.

అపోహ: ప్రమాణ స్వీకారం అయితే చార్జి తీసుకున్నట్టే

శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో అయ్యాయి. మర్నాడు కొత్త ట్రెజరర్ బ్యాంకుకు వెళ్తే ఖాతా ఇంకా పాత సంతకాల మీదే ఉంటుంది. బ్యాంకుకు కావాల్సింది సంతకాలు మార్చాలన్న తీర్మానం నకలు, కొత్తవాళ్ల కేవైసీ పత్రాలు. తీర్మానాన్ని పదవులతో పాటు పేర్లు, ఖాతా నంబరు రాసి కార్యవర్గం మొదటి మీటింగ్‌లోనే చేయాలి. "కొత్త ఆఫీస్ బేరర్లు ఖాతా నిర్వహిస్తారు" అని మాత్రమే రాసి తీసుకెళ్తే కౌంటర్ దగ్గరే తిప్పి పంపేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఓటీపీ. నెట్ బ్యాంకింగ్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు మూడు కార్యవర్గాల కిందటి ట్రెజరర్‌ది. ఆయన ఇప్పుడు అమెరికాలో కొడుకు దగ్గర ఉంటాడు. ఇక్కడ పగలు పది గంటలకు కేటరర్‌కు డబ్బు పంపాలంటే అక్కడ నిద్రపోతున్న మనిషిని లేపాలి. శాఖ పేరు మీద ఒక సిమ్, ఒక ఈమెయిల్ పెట్టుకుని పదవితో పాటు చేతులు మార్చుకుంటే ఈ బాధ ఉండదు. చార్జి అప్పగింత పత్రంలో వాటితో పాటు మినిట్స్ పుస్తకాలు, వాడని రసీదు పుస్తకాల వరస నంబర్లు, మిగిలిన చెక్కుల నంబర్లు, డిపాజిట్ రసీదులు, పాన్, టాన్ (టీడీఎస్ కట్టే నంబరు), పోర్టల్ లాగిన్లు, చెల్లించాల్సిన బిల్లులు, ప్రొజెక్టరు, బ్యానర్ స్టాండు దాకా రాసి పాత, కొత్త సెక్రటరీలు, ట్రెజరర్లు నలుగురూ సంతకం పెట్టి తలా ఒక కాపీ తీసుకోవాలి.