పళ్ళు ఎప్పుడూ కలిసి ఉండాల్సిన పనిలేదు

చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి, మెల్లగా నోరు తెరిచి చూడండి. వేలి కింద ఒక ఎముక గుబ్బ తగులుతుంది. మొదట అది ఉన్నచోటే తిరుగుతుంది. నోరు ఇంకాస్త తెరిస్తే ముందుకు జారిపోయి, వేలి కింద చిన్న గుంట పడుతుంది. అదే దవడ కీలు. మోచేయి తలుపు బందులా మడుచుకుంటుంది తప్ప జారదు. ఇది తిరుగుతుంది, జారుతుంది కూడా. పైగా కుడివైపు కీలు, ఎడమవైపు కీలు ఒకే ఎముకకు రెండు కొసలు. ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు.

గుబ్బకూ పుర్రెకూ మధ్య ఒక పల్చటి మెత్తటి బిళ్ళ ఉంటుంది. గుబ్బ జారినప్పుడు ఆ బిళ్ళ కూడా వెంట రావాలి. అది కాస్త ముందుకు తప్పుకుని ఉంటే, నోరు తెరిచేటప్పుడు గుబ్బ దాని మీదికి ఎక్కుతూ ‘టిక్’మంటుంది. ఈ చప్పుడు చాలామందికి ఉంటుంది. నొప్పి లేకుండా, నోరు హాయిగా తెరుచుకుంటున్నంతకాలం దానికి మందూ మాకూ అక్కర్లేదు. చప్పుడు ఇంకా ఉందో లేదో అని గంటకోసారి దవడ ఆడించి చూసుకునేవాళ్ళుంటారు. ఆ పని మానేస్తే మంచిది. అయితే ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటోందంటే బిళ్ళ అడ్డం పడి ఉండొచ్చు, అప్పుడు చూపించుకోవాలి. పెద్దవాళ్ళకు మామూలుగా నోరు 40 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువే తెరుచుకుంటుంది. ఎవరి వేళ్ళు వాళ్ళకు మూడు, ఒకదాని మీద ఒకటిగా నోట్లో పట్టాలి.

నిజానికి దవడ నొప్పిలో ఎక్కువ భాగం కీలుది కాదు, కండరాలది. పళ్ళు గట్టిగా బిగించి చెంప మీద చెయ్యి పెడితే రాయిలా ఉబికేది ఒక కండరం. కణత దగ్గర కదిలేది ఇంకోటి. అవి అలిసిపోతే నొప్పి తమ చోటే ఆగిపోదు. చెవిపోటులా, తలనొప్పిలా, ఒక్కోసారి పంటినొప్పిలా తెలుస్తుంది. దవడకూ, కింది పళ్ళకూ, చెవి ముందు భాగానికీ కబురు మోసే నాడి ఒక్కటే కావడం ఇందుకు ఒక కారణం. చెవి డాక్టర్ చెవి బాగానే ఉందంటారు, నొప్పి మాత్రం పోదు.

ఈ చెవి తిరకాసును 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి, ముక్కు, గొంతు వైద్యుడు గమనించారు. దవడ పళ్ళు ఊడిపోవడం వల్ల కీలు వెనక్కి నొక్కుకుంటోందని ఆయన అనుకున్నారు. ఆ వివరణ నిలబడలేదు కానీ, తప్పంతా పళ్ళ అమరికలోనే ఉందన్న ఆలోచన మాత్రం దశాబ్దాలు పాతుకుపోయింది. దవడ నొప్పికని మంచి పళ్ళను అరగదీశారు, క్యాపులు తొడిగారు. 1980ల్లో అమెరికాలో కొందరికి బిళ్ళ తీసేసి టెఫ్లాన్ ముక్కలు అమర్చారు. అవి లోపల నలిగి, ఎముకనే తినేసే పరిస్థితి తెచ్చాయి. 1990ల మొదట్లో వాటిని వెనక్కి రప్పించాల్సి వచ్చింది. వెనక్కి తీసుకోలేని వైద్యం దేన్నైనా మొదట్లోనే ఒప్పుకోకూడదని నేను గట్టిగా అనడానికి ఈ చరిత్రే కారణం.

పళ్ళు కొరకడం సంగతికొస్తే, రాత్రిది వేరు, పగటిది వేరు. రాత్రి కొరికేది ఎక్కువగా తేలిక నిద్రలో. మెదడు కొన్ని క్షణాలు మెలకువ వైపు వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ తర్వాత దవడ కండరాలు సెకనుకు ఒకసారి చొప్పున బిగుసుకుంటాయి. అంటే మొదలయ్యేది మెదడులో, పళ్ళలో కాదు. టెన్షన్, మద్యం, సిగరెట్లు, కాఫీ, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. గురక కూడా ఉండి, పగలంతా నిద్ర ముంచుకొస్తుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందేమో చూడాలి. పిల్లల్లో రాత్రి పళ్ళు కొరకడం మామూలే, పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది.

నైట్ గార్డ్, అంటే రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే తొడుగు, పళ్ళు అరగకుండా కాపాడుతుంది. కొరకడాన్ని ఆపదు. ఈ తేడా ముందే చెబితే, పెట్టుకున్నా పొద్దున దవడ నొప్పి పోలేదని నిరాశపడే అవసరం ఉండదు.

పగటి బిగింపు మాత్రం మన చేతిలో ఉన్నది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలాల్సిన పనే లేదు. రోజంతా కలిపినా ఆ తాకిడి కొన్ని నిమిషాలే. మిగతా సమయమంతా వాటి మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇప్పుడు, ఇది చదువుతూ, మీ పళ్ళు ఎలా ఉన్నాయి? ఫోన్‌లో మునిగిపోయినప్పుడు, ట్రాఫిక్‌లో, బరువెత్తేటప్పుడు బిగించేస్తాం, మనకే తెలీదు. అద్దంలో నాలుక అంచుల్లో పళ్ళ ఒత్తులు, చెంప లోపల అడ్డంగా తెల్లటి గీత కనిపిస్తే ఆ అలవాటు ఉండొచ్చు. ‘న’ అని ఆగిపోయి చూడండి: నాలుక కొస పై పళ్ళ వెనక ఉంటుంది, పళ్ళు విడిగా ఉంటాయి. పెదవులు మాత్రం మూసి, దవడను అలాగే వదిలెయ్యాలి. ఫోన్ మోగినప్పుడల్లా ఒకసారి సరిచూసుకుంటే చాలు. చప్పగా అనిపించే ఈ చిట్కాకే నా మొదటి ఓటు.

2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకునే దవడ వ్యాయామాలు, కండరాలను చేత్తో సడలించడం, నొప్పిని తట్టుకునే తీరు నేర్పే కౌన్సెలింగ్ వైపు గట్టిగా మొగ్గాయి. నొప్పి తగ్గించడానికి గార్డులను మాత్రం అంతగా సిఫారసు చేయలేదు. కొత్తగా వచ్చిన నొప్పికి కొన్నాళ్ళు మెత్తటి తిండి, చెంపకు వేడి కాపడం, చూయింగ్ గమ్ మానెయ్యడం, ఆవలించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించడం సరిపోతాయి. బొటాక్స్ ఇంజెక్షన్ కండరం బలాన్ని మూడు నాలుగు నెలలు తగ్గిస్తుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. బిగుసుకుపోయిన కీలును సూదులతో కడిగే పద్ధతి ఉంది. ఆపరేషన్ చాలా కొద్దిమందికే.

రెండు సందర్భాల్లో మాత్రం ఇవేవీ చేస్తూ కూర్చోకూడదు. 50 ఏళ్ళు దాటినవాళ్ళకు కణతల్లో కొత్తగా నొప్పి మొదలై, నములుతుంటే దవడ నొప్పెట్టి, చూపు మసకబారితే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది. శ్రమపడినప్పుడు వచ్చి, కాసేపు ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. దానితోపాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే అంబులెన్స్ పిలవాలి.