మూడు రాస్తే ఒకటే మిగిలింది: టేపు డ్రైవు గురించి మనవలకు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీ వాట్సాప్ మెసేజి చూశాను. రాత్రి మూడు సర్వర్ల ఆర్కైవులు (ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూటలు) వరుసగా బ్యాకప్ టేపు మీద రాశారు, ఎక్కడా ఎర్రర్ రాలేదు, పొద్దున చూస్తే చివరిదొక్కటే ఉంది. టేపును తిప్పి రాసే డ్రైవు పాడైందని మాదాపూర్‌లో మీ ఆఫీసువాళ్లు తీర్మానించేశారట. డ్రైవుకేం కాలేదు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను.

లైనక్స్‌లో ఒకే డ్రైవుకు రెండు పేర్లుంటాయి: ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0. మొదటి పేరుతో రాస్తే, పని అయిపోగానే టేపు మళ్లీ మొదటికి చుట్టుకుపోతుంది. తర్వాతి టార్ కమాండ్ (ఆ మూటలు కట్టేది, విప్పేది ఇదే) అక్కణ్ణుంచే మొదలుపెట్టి పాతదాని మీదే రాస్తుంది. రాయమన్నారు, రాసింది, ఇక ఎర్రర్ ఎందుకొస్తుంది? రెండో పేరు వాడితే టేపు ఆగినచోటే ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. ఎస్‌టీ0 పేరు పెట్టి ఎంటీ స్టేటస్ (టేపు ఎక్కడుందో చెప్పే కమాండ్) అడిగినా చాలు, జవాబు చెప్పి టేపు వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే స్క్రిప్టుల్లో ఆ పేరు కనబడితే నాకు నచ్చదు. పోయిన రెండు ఆర్కైవుల మీద ఆశ పెట్టుకోకండి. కొత్తగా రాసిన చోటే డేటా ముగిసిందని డ్రైవు గుర్తు పెడుతుంది, ఆ తర్వాత పాత డేటా మిగిలున్నా మామూలుగా చదవనివ్వదు. సర్వర్ల నుంచి మళ్లీ తీయడమే. మర్నాడు అదే టేపు మీద రాసేముందు ఎంటీ ఈఓడీతో డేటా చివరికి వెళ్లండి.

ఇక డ్రైవు కరకరమంటోంది, నత్తలా నడుస్తోంది అన్నారు కదా, దాని సంగతి. ఎల్‌టీఓ-8 (ఎల్‌టీఓ రకం టేపుల్లో ఎనిమిదో తరం) పెద్ద సైజు డ్రైవు సెకనుకు 360 ఎంబీ దాకా రాయగలదు. మీ ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద అందులో మూడో వంతు కూడా రాదు. డ్రైవు తన వేగాన్ని కొంతవరకు తగ్గించుకుంటుంది. అప్పటికీ డేటా అందకపోతే టేపు ఆగాలి, కానీ ఉన్నపళంగా ఆగలేదు. మన సిటీ బస్సు స్టాపు దాటాక ఆగినట్టు కాస్త ముందుకెళ్లి ఆగుతుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి, వేగం అందుకుని మళ్లీ రాయాలి. రాత్రంతా ఇదే జరిగితే టేపూ, దాన్ని చదివి రాసే హెడ్డూ రెండూ అరుగుతాయి. ముందు ఆర్కైవును లోకల్ ఎస్‌ఎస్‌డీలో తయారుచేసి అక్కణ్ణుంచి పంపండి. లేదా మధ్యలో ఎంబఫర్ (డేటాను మెమరీలో పోగుచేసి ఆగకుండా పంపే ప్రోగ్రామ్) పెట్టి కొన్ని జీబీల మెమరీ ఇవ్వండి. జిప్‌తో కుదించడం మానేయండి: అది ప్రాసెసర్ దగ్గరే ఆలస్యం చేస్తుంది, పైగా మధ్యలో ఒక్కచోట చెడితే ఆ తర్వాతిదంతా విప్పడం కష్టం. కుదించే పని డ్రైవే చేసుకుంటుంది. డబ్బా మీద 30 టీబీ అని ఉన్నా నమ్మకండి, అది డేటాను రెండున్నర రెట్లు కుదిస్తే వచ్చే లెక్క. అసలు చోటు 12 టీబీ. ఫొటోలు, వీడియోలు ఎలాగూ ఇంకా చిన్నవి కావు.

చదివేటప్పుడు 'కెనాట్ అలొకేట్ మెమరీ' అని వస్తే ర్యామ్ కొనడానికి పరిగెత్తకండి. టార్ మామూలుగా 10,240 బైట్ల బ్లాకులు (ఒక్కోసారి రాసే ముక్కలు) వాడుతుంది. మీరు పెద్ద బ్లాకులతో రాసి, చిన్నవనుకుని చదివితే ఆ మాటే అంటుంది. ఎంతతో రాశారో లేబుల్ మీద రాసిపెట్టండి.

క్లీనింగ్ టేపు డ్రైవు అడిగినప్పుడే వేయండి, ఊరికే వేస్తే హెడ్డు అరుగుతుంది. మే నెలలో సికింద్రాబాద్ నుంచి కారులో తెచ్చిన టేపును వెంటనే డ్రైవులో పెట్టకండి, ఒక రోజు సర్వర్ రూమ్‌లో ఉంచండి. ఎల్‌టీఓ-6 టేపులను ఈ డ్రైవు తీసుకోదు, 7, 8 మాత్రమే.

టేపు పాతకాలపుదని నవ్వుతున్నారట మీ స్నేహితులు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైతే గూగుల్ వాటిని టేపుల్లోంచే తిరిగి తెచ్చింది. ఆఫ్‌లైన్‌లో ఉన్న టేపు దాకా ఆ బగ్ చేరలేదు.

ఈ రాత్రి ఖాళీ టేపు మీద ఎన్‌ఎస్‌టీ0తో రెండు చిన్న ఆర్కైవులు రాసి, అదే పేరుతో ఎంటీ స్టేటస్ అడగండి. ఫైల్ నంబర్ 2 రావాలి. 0 వస్తే స్క్రిప్టులో ఎక్కడో ఎస్‌టీ0 మిగిలే ఉంది. డ్రైవు పేరు ముందే పెట్టి ఉంచే టేప్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనూ వెతకండి. 2 వస్తే టేపును మొదటికి చుట్టి, రెంటినీ వేరే ఫోల్డర్‌లోకి విప్పి, అసలు ఫైళ్లతో పోల్చి చూశాక నాకు మెసేజ్ పెట్టండి.

మీ తాతయ్య